ఎడమకాలి బ్రేకు

పిసికే పని కాదు

నేను రిటైరైన రోజు ఆసుపత్రి వరండాలో చిన్న సభ పెట్టారు. నాకు శాలువా కప్పాక, మైకు పట్టుకున్న పెద్దమనిషి "సుగుణమ్మగారు ఎంతోమంది కాళ్ళూ చేతులూ పిసికి పుణ్యం కట్టుకున్నారు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నవ్వి దండం పెట్టాను. ఇంటికొచ్చి శాలువా మడతపెడుతుంటే మాత్రం ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద పనిచేసినవాళ్ళకే మా పనేమిటో తెలియకపోతే బయటివాళ్ళను ఏమనాలి?

ఫిజియోథెరపీ పిసికే పని కాదు. విరిగిన ఎముకను డాక్టరు అతికిస్తాడు. ఆ అతికిన ఎముకతో మనిషి మళ్ళీ తన పనిలోకి, తన సరదాల్లోకి, తన మనుషుల్లోకి నడిచి వెళ్ళేలా చూడటం మా పని. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ ఆఫీసరు ఏ ఫైలు తొక్కిపట్టాడు అన్న సంగతులు ఇందులో ఉండవు. అవి నాకే విసుగు.

హిందూపురంలో మా గది ఎక్స్‌రే గది పక్కన ఉండేది. రెండు మంచాలు, గోడకు బిగించిన చక్రం, వేడి కాపడం పెట్టె, ఎక్కడికీ పోని సైకిల్ ఒకటి. నా సర్వీసంతా ఆ గదిలోనే గడిచింది. నాకు చదువు చెప్పింది కాలేజీ అయినా, పని నేర్పింది మాత్రం ఆ మంచాల మీద కూర్చున్నవాళ్ళే.

ఒకసారి నంబులపూలకుంట వైపు నుంచి గొర్రెల కాపరి ఒకాయన వచ్చాడు. భుజం బిగుసుకుపోయి చెయ్యి పైకి లేవడం లేదు. గోడకు వేళ్ళు ఆనించి రోజూ కొంచెం కొంచెం పైకి పాకించమని చూపించి పంపాను. మళ్ళీ వచ్చినప్పుడు చూస్తే చెయ్యి ఎక్కడిదక్కడే ఉంది.

"ఏమప్పా, చెప్పింది చేస్తాండావా లేదా?" అన్నాను.

"గొర్రెల ఎంబడి పొద్దస్తమానం అడివిలో ఉంటా మేడమ్. ఆడ గోడ యాడుంటాది?" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. గొర్రెలకు కొమ్మలు వంచి ఆకు దూసే దోటి ఉంటుంది కదా, ఆ పొడుగు కర్రను ఇకనుంచి నొప్పి ఉన్న చేత్తోనే ఎత్తమన్నాను. తర్వాత వచ్చినప్పుడు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. వ్యాయామాన్ని మనిషి బతుకులో ఉన్న చోటే పెట్టాలి. పుస్తకంలో గోడ బొమ్మ ఉందని అందరికీ గోడ చూపించకండి.

బండి ఎక్కొద్దు

మా ఎముకల డాక్టరు రంగనాథం గారు మంచి పనిమంతుడు. ఆయన చేసిన ఆపరేషన్ తర్వాత వచ్చిన కాలును చూస్తే నాకు సగం పని తగ్గేది. కానీ ఆయన దగ్గర ఒకే మందు మాట ఉండేది. "బండి ఎక్కొద్దు." బండి మీద నుంచి పడినవాళ్ళకీ అదే, మెట్ల మీద నుంచి పడినవాళ్ళకీ అదే.

"సార్, ఈయన బండి నడపకపోతే పాలు పొయ్యడానికి ఎట్లా పోతాడు?" అని అడిగితే, "నేను చెప్పాల్సింది చెప్పానమ్మా" అనేవారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆయన చెప్పినందుకు ఎవరూ బండి మానలేదు. మానకుండా, మానామని చెప్పేవాళ్ళు. దానివల్ల నొప్పి ఎక్కడ మొదలైందో మాకు నిజం తెలిసేది కాదు. వద్దు అనడం చాలా తేలిక. మీకు నేను చెప్పేది ఒక్కటే, రోగికి ఏదైనా వద్దు అనేముందు అది అతనికి ఏమవుతుందో అడగండి.

నాకు ఈ సంగతి బాగా తెలియడానికి కారణం సోమవారం మనుషులు.

సోమవారం మనుషులు

సోమవారం మా గదికి ఒక రకం మనుషులు వచ్చేవాళ్ళు. మణికట్టు వాచి ఉంటుంది, మోకాలు దోక్కుపోయి ఉంటుంది, మొహం మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతూ ఉంటుంది. ఆదివారం బండ్లేసుకుని తిరిగే బృందం అది. హిందూపురం నుంచి మోటారు సైకిళ్ళవాళ్ళు, ధర్మవరం నుంచి లావు టైర్ల కొండ సైకిళ్ళవాళ్ళు తెల్లవారుతూనే బయల్దేరి, నడుమ పెనుకొండలో కలుసుకునేవాళ్ళు. బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ తిని, బండ్లు పోయేంతవరకు కోట కొండ ఎక్కేవాళ్ళు. పైన కూర్చుని, చైను గురించీ టైరు గురించీ కన్నబిడ్డల సంగతులు చెప్పుకున్నట్టు చెప్పుకుని దిగివచ్చేవాళ్ళు. పందెం లేదు, కప్పు లేదు. పళ్ళ డాక్టరు, డ్రిల్లు మేష్టరు, పెట్రోలు బంకులో పనిచేసేవాళ్ళు అందరూ అందులో ఉన్నారు. నేను ఆదివారం స్కూటరు మీద చర్చికి పోతుంటే ఎదురుపడి హారన్ కొట్టి పోయేవాళ్ళు.

"దుడ్లు పెట్టి నొప్పులు కొనుక్కొస్తారు గదప్పా" అని వెక్కిరించేదాన్ని.

"నొప్పికి గాదు మేడమ్, గాలికి పెడతాండాం దుడ్లు" అన్నాడు ఒకసారి హనుమంతప్ప.

హనుమంతప్పది పరిగి దగ్గర పల్లె. మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం. అరవై దాటిన మనిషి. పట్టుగూళ్ళు అమ్మడానికి హిందూపురం మార్కెట్టుకు వచ్చినప్పుడల్లా భుజం చూపించుకోవడానికి నా గదికి వచ్చేవాడు. ఆయన మోటారు సైకిల్ వాళ్ళ నాయన కొన్నది. చాలా పాతది. ఇప్పటి బండ్లకు గేరు ఎడమకాలి దగ్గర, బ్రేకు కుడికాలి దగ్గర ఉంటాయి. ఆ పాత బండికి గేరు కుడికాలి దగ్గర, బ్రేకు ఎడమకాలి దగ్గర. ఇది గుర్తుపెట్టుకోండి.

నాగరాజుది ధర్మవరం. నలభై ఏళ్ళుంటాయి. పట్టుచీరలు నేస్తాడు. వాళ్ళది గుంత మగ్గం. గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని, అడుగున ఉన్న కట్టెలను ఒకటి మార్చి ఒకటి తొక్కుతూ నెయ్యాలి. వారమంతా గుంతలో కూర్చునే మనిషికి ఆదివారమైనా కొండ కావాలనిపించి ఒక కొండ సైకిల్ కొనుక్కున్నాడు. "నీ పురుగులు ఉమిసిన దారమేమో అన్నా, నా మగ్గం మీద ఉండేది" అని హనుమంతప్పను మొదటిసారి పలకరించాడట. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే పొట్లంలో బజ్జీలు తినేంత స్నేహితులయ్యారు.

తువ్వాల

ఆ బృందానికి ఒక ఆచారం ఉంది. కొండ ఎక్కేది ఎవరి బండి మీద వాళ్ళు. దిగేది మాత్రం ఇంకొకరి బండి మీద. పైన బండ మీద తువ్వాల పరిచి మోటారు సైకిళ్ళవాళ్ళు తాళాలు వేస్తారు. సైకిళ్ళవాళ్ళు హెల్మెట్లు పెడతారు. తనది కానిది ఏదో ఒకటి తీసుకుని దిగాలి. నా బండి ఎంత బాగుంటుందో నోటితో ఎంత చెప్పినా ఏం లాభం, నువ్వే నడిపి చూడు అని దాని అర్థం.

దీనికి తోడు ఒక రూలు. తాళం తువ్వాల మీద వేశాక బండి గలాయన నోరు మెదపకూడదు. మెల్లగా పో, క్లచ్చు మెత్తగా వదులు అని ఒక్క ముక్క సలహా ఇవ్వకూడదు. ఇచ్చాడంటే ఎదుటి మనిషిని నమ్మనట్టు. నాకు ఈ రూలు విన్నప్పుడు ముద్దొచ్చింది. మా గదిలో రోజంతా సలహాలే కదా.

నా ఉద్యోగం చివరి సంవత్సరంలో ఒక ఆదివారం నాగరాజు పాత బండి తాళం తీసుకున్నాడు. దానిమీద ఎప్పటినుంచో అతనికి కన్ను. గేరు కుడివైపని అతనికి తెలుసు, అందరికీ తెలుసు. హనుమంతప్పకు మాత్రం గుర్తుచెయ్యాలని మాట నోటిదాకా వచ్చింది. రూలు గుర్తొచ్చి మింగేశాడు.

రెండు మలుపులు బాగా దిగాడు. మూడో మలుపులో గొర్రెల మంద అడ్డం వచ్చింది. అంతకుముందు దిగిన కొత్త బండ్ల అలవాటుతో నాగరాజు కుడికాలు గట్టిగా తొక్కాడు. ఆ బండికి అది గేరు. ఆ గేరు కిందికి తొక్కితే పెరుగుతుంది. బండి ఆగకపోగా దూకింది. గొర్రెలు తప్పుకున్నాయి. నాగరాజు గట్టుకు కొట్టుకున్నాడు. బండి అతని కుడికాలి మీద పడింది. చీలమండకు పైన ఎముక విరిగింది.

తలకు తెలిసినదంతా కాలికి తెలియదు. కాలికి అలవాటే చదువు. ఇది మా వృత్తిలో పునాది రాయి. పిల్లలూ, రోగికి మీరు చెప్పింది అర్థమైందని తల ఊపగానే సంతోషపడకండి. అర్థమైంది తలకు, చెయ్యాల్సింది కాలు.

రెండు ఊళ్ళు, రెండు గోనెసంచులు

రంగనాథం గారు చక్కగా ఎముక కలిపారు. కట్టు విప్పాక నాగరాజు భార్య లక్ష్మీదేవితో కలిసి పాసింజరు రైల్లో నా దగ్గరికి వచ్చాడు. డాక్టరు గారు మామూలు మాటే చెప్పి పంపారు. చీలమండ కట్టెలా బిగిసింది. పాదం పైకి వంగదు, కిందికి తొక్కదు. ఇలాంటి కాలు మొదట్లో మాట వింటుంది. అప్పుడు ఒదిలేస్తే జీవితాంతం వినదు. ఇతనిది నేతగాడి కాలు. కట్టె తొక్కలేకపోతే మగ్గం లేదు.

కొన్నాళ్ళు వచ్చాడు. తర్వాత మానేశాడు. ఫోను చేస్తే లక్ష్మీదేవి ఎత్తింది.

"రానంటాండాడు మేడమ్. మగ్గం కాడికి గూడా పోడు. సైకిల్ మీద గోనెసంచి కప్పినాడు. ఏమన్నా అంటే గమ్మునుండు అంటాడు" అని ఏడ్చింది.

రోగి ఇంటికి పోవడం నా డ్యూటీలో లేదు. పోయాను. ధర్మవరంలో ఆ ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, మామిడి పిందెల అంచుది. దానిమీద దుమ్ము పడకుండా పాత పంచె కప్పి ఉంచారు. నాగరాజు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"నొప్పి తట్టుకోలేక రాలేదా?" అన్నాను.

"నొప్పికి గాదు మేడమ్." సైకిల్ మీది గోనెసంచి వైపు చూశాడు. "అది హనుమంతన్న వాళ్ళ నాయన బండి. పగలగొట్టినా. ఆస్పత్రిలో ఉన్నప్పుడు అందరూ వచ్చి చూసినారు, అన్న రాలేదు. కోపం ఉండాది. ఉండదా మరి? నా మూలంగా తువ్వాల పరిచేది గూడా మానేసినారంట. ఇంగ ఈ కాలు బాగై నేను పొయ్యేది యాడికి?"

ఆ మాటతో నాకు అసలు జబ్బు కనిపించింది. అది చీలమండలో లేదు.

ఆ వారమే హనుమంతప్ప గూళ్ళు అమ్ముకుని భుజం పట్టుకుని నా గదికి వచ్చాడు. బస్సులో వచ్చానన్నాడు. బండి ఏదప్పా అంటే తల దించుకున్నాడు.

"బాగు చేపిచ్చి పశువుల కొట్టంలో పెట్టినా. గోనెసంచి కప్పినా. ముట్టుకోబుద్ధి కాలేదు. ఒక్క మాట మేడమ్, ఎడమకాలు అప్పా అని ఒక్క మాట చెప్పింటే వాని కాలు పొయ్యేది గాదు. నోటికాడికి వచ్చింది, మింగినా. ఆస్పత్రి గేటు దాకా వచ్చి ఎనక్కి పోయినా. వాని పెండ్లాం మొగం ఎట్ల చూసేది?"

హనుమంతప్ప కోపంగా ఉన్నాడని నాగరాజు, వాళ్ళ మొహం ఎట్లా చూడాలని హనుమంతప్ప. అక్కడొక గోనెసంచి, ఇక్కడొక గోనెసంచి. మిగతా బృందం సంగతి సరేసరి. తిలాపాపం తలా పిడికెడు పంచుకుని అందరూ నోళ్ళు కట్టుకున్నారు. కొండ మీద పాటించాల్సిన రూలును ఇళ్ళకు కూడా మోసుకొచ్చారు. నాకు వీళ్ళిద్దరినీ చూస్తే జాలీ కోపమూ రెండూ కలిగాయి. ఒకరి కోసం ఒకరు ఇంత ఏడ్చే స్నేహం నాకు జీవితంలో దొరకలేదు, దాన్ని వీళ్ళు గోనెసంచి కింద పెట్టుకున్నారు.

"రేపటి వారం గూళ్ళు అమ్మినాక నేరుగా ఈడికి రా. ఒక రోగికి కాలు పట్టుకోను మనిషి కావాల" అన్నాను. ఏ రోగి అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. లక్ష్మీదేవికి ఫోను చేసి, ఆ రోజు రాకపోతే నేనే వచ్చి రైలెక్కిస్తానని నాగరాజుకు చెప్పమన్నాను.

అరచెయ్యి

మంచం మీద నాగరాజు కాళ్ళు చాపి కూర్చుని ఉన్నాడు. హనుమంతప్ప లోపలికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఇద్దరూ నేల చూపులు చూస్తున్నారు. నేను పట్టించుకోనట్టు స్టూలు లాగి మంచం చివర వేశాను.

"హనుమంతప్పా, ఈడ కూర్చో. అరచెయ్యి ఇట్ల నిలబెట్టు. నాగరాజూ, నీ పాదం ఆయన చేతికి ఆనించి తొక్కు. ఆయన వెనక్కి నెడతాంటాడు. నువ్వు ఒదలగూడదు."

ఇది మామూలుగా మేము చేయించేదే. ఎదురు బలం లేకుండా కండ మేల్కోదు. రోజూ నా చెయ్యే పెట్టేదాన్ని. నాగరాజు మొహం తెల్లబోయింది. కాలు వెనక్కి లాక్కున్నాడు.

"పెద్దాయన చేతిని కాలితో తొక్కేదా? నా చేత గాదు మేడమ్. పాపం తగుల్తాది."

హనుమంతప్ప చెయ్యి అలాగే నిలబెట్టి ఉంచాడు.

"ఏమప్పా నాగరాజూ. ఆయుధపూజకి బొట్టు పెట్టి దండం పెట్టుకునే బండి. మా నాయన బండి. దాన్ని తొక్కినప్పుడు లేని పాపం ఇప్పుడొచ్చిందా? తొక్కు."

లక్ష్మీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాగరాజు ముందు నవ్వాడు, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. పాదం మెల్లగా తెచ్చి ఆ అరచేతికి ఆనించాడు.

"ఇంగ రోంత గట్టిగా."

"నొప్పిగా ఉండాది అన్నా."

"ఉండనీ. నేను ఆ పొద్దు చెప్పాల్సింది నాగరాజూ. ఎడమకాలని చెప్పాల్సింది."

"చెప్పింటే నాకు కోపమొచ్చేది" అన్నాడు నాగరాజు. పాదంతో నెడుతూనే ఉన్నాడు. "నువ్వు చెప్పలేదు గాబట్టే అన్నా, ఆ రెండు మలుపులూ ఆ బండి నాదే అనిపించింది. ఏం శబ్దమన్నా అది! మా మగ్గం మాదిరి, ఒక్కో దెబ్బా ఇడిగా ఇడిగా వినపడతాది. మొదటి మలుపులో ఒరిగినప్పుడు నేను ఏమీ చేసిందే లేదు. బండికే దారి తెలిసినట్టుండె."

"ఆ మలుపులో అది అట్లే ఒరుగుతాది" అన్నాడు హనుమంతప్ప. ఆయన గొంతు మారిపోయింది. "మా నాయన గూడా అదే మాట అనేవాడు. రెండో మలుపు కాడ రోంత జంకింది గదా?"

"జంకింది! ఆడ ఏముండాది?"

"నీళ్ళు కోసిన గాడి. హ్యాండిలు గట్టిగా పట్టుకుంటే జంకుతాది. ఒదిలేస్తే అదే పోతాది."

వాళ్ళిద్దరూ ఆ కొండ దిగడం మొదలుపెట్టారు. గేర్లు, గాలి, ఎండాకాలంలో మెత్తబడే తారు, వానాకాలంలో సైకిల్ టైరు పట్టు అన్నీ వచ్చాయి. మాటల్లో పడి నాగరాజు తొక్కుతున్నది మరిచిపోయాడు. నేను చూస్తున్నాను, నెలల తరబడి కదలని చీలమండ ఆ పెద్దాయన అరచేతిని వెనక్కి నెడుతోంది. హనుమంతప్ప భుజానికి కూడా మంచి వ్యాయామమే అయ్యింది, ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

రంగనాథం గారు తలుపు దగ్గర ఆగి చూశారు. "ఏమిటమ్మా, ఇక్కడ మళ్ళీ బండ్ల గోలేనా?" అన్నారు. కాలు చూపించాను. దగ్గరికొచ్చి పాదం పట్టుకుని వంచి చూశారు. మళ్ళీ వంచారు. బండి ఎక్కొద్దు అనకుండా వెళ్ళిపోయారు. అంతకాలం ఆయన కింద పనిచేసినా ఆ రోజు ఆయన మీద కలిగినంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

తర్వాత మార్కెట్టు ఉన్న ప్రతి రోజూ హనుమంతప్ప వచ్చేవాడు. పాదం కింద చెయ్యి పెట్టేవాడు. పిల్లలూ, మందూ యంత్రమూ అన్నీ ఉంటాయి మీ గదిలో. రోగికి ఎవరి చెయ్యి కావాలో కనుక్కోవడం కూడా మీ పనే. అది మీ చెయ్యి కాకపోతే నొచ్చుకోకండి.

నేను వెళ్ళిన ఆదివారం

రిటైరయ్యాక మొదటిసారి వాళ్ళు నన్ను కొండకు పిలిచారు. నాగరాజు మగ్గం ఎక్కి అప్పటికి చాలా రోజులైంది. సాయంత్రానికి కాలు లాగేది కానీ నేత ఆగలేదు. మామిడి పిందెల అంచు చీర పూర్తయింది. చర్చిలో పొద్దుటి ఆరాధన ముగించుకుని స్కూటరు మీద పెనుకొండ చేరేసరికి ఉగ్గాని అయిపోవచ్చింది, నా కోసం ఒక పొట్లం దాచి ఉంచారు.

కొండ ఎక్కాం. నాగరాజు ఎత్తు ఎక్కువైనచోట సైకిల్ దిగి నడిపించుకుంటూ వచ్చాడు. హనుమంతప్ప పాత బండి తెచ్చాడు. తీసుకురాకపోతే తానూ రానని నాగరాజు పట్టుబట్టాడట. పైన కోటగోడ నీడలో పళ్ళ డాక్టరు తువ్వాల పరిచాడు. అన్ని నెలల తర్వాత అది పరచడం అదే మొదలు. తాళాలు ఒక్కొక్కటే పడ్డాయి. హెల్మెట్లు చుట్టూ పేర్చారు.

హనుమంతప్ప తాళం మాత్రం చొక్కా జేబులోనే ఉంది. ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకుని దూరంగా ఊరివైపు చూస్తున్నాడు. అందరూ గమనించారు. ఒక్కరూ అడగలేదు. తాళం జేబులోనే ఉండిపోతే స్నేహం ఉంటుంది, కాలు ఉంటుంది, కానీ వాళ్ళ ఆదివారం మాత్రం మునుపటిలా ఉండదని నాకూ అర్థమైంది.

నాగరాజు లేచి పాత బండి ఎడమపక్కకు వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. మిగతావాళ్ళు అతనేం చేస్తున్నాడా అని చేతులు చూశారు. నేను అతని కుడి మడమ చూశాను. నేలకు పూర్తిగా ఆనింది. ఆ మడమ అలా ఆనడం కోసం ఎన్ని రోజులు ఎదురుచూశానో!

అతను జేబులోంచి ఎర్ర పట్టుదారం పేట ఒకటి తీశాడు. పురిపెట్టి గట్టిగా ఉంది. ఎడమకాలి బ్రేకుకు చుట్టి, మగ్గం మీద తెగిన పోగును అతికినట్టు ముడి వేశాడు. ముడి ఎక్కడుందో కూడా కనిపించలేదు.

"ఇది నోరు గాదు గదన్నా" అన్నాడు లేచి. "రూలు తప్పినట్టు గాదు. ఆపేది ఈడ అని అదే చెప్తాది. ఇయ్యి తాళం."

హనుమంతప్ప ఆ ఎర్రదారం దగ్గరికి వచ్చాడు. వంగి దాన్ని తాకి కళ్ళకు అద్దుకున్నాడు. తాళం తీసి నాగరాజు చేతిలో పెట్టాడు. నాగరాజు తెచ్చి తువ్వాల నడుమ వేశాడు. ఎవరో ఈల వేశారు.

పాత బండి తాళం డ్రిల్లు మేష్టరు తీసుకున్నాడు. ఎక్కేముందు ఎడమకాలితో ఎర్రదారాన్ని ఒకసారి తొక్కి చూసుకున్నాడు. హనుమంతప్ప నోరు మెదపలేదు. బండి చప్పుడు మలుపులన్నీ దిగి కింద చింతచెట్ల దగ్గర సన్నగా వినబడేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తర్వాత నవ్వి ఎవరిదో కొత్త బండి ఎక్కి వెళ్ళాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే దిగిపోయారు.

నేను చప్పట్లు కొట్టి, ఇక బయల్దేరదామని నా స్కూటరు వైపు నడిచాను.

"తాళం వెయ్యలేదు మీరు" అన్నాడు నాగరాజు.

"నాదెందుకప్పా?"

"కొండెక్కినారు గదా."

తాళం తువ్వాల మీద వేశాను. అతనే దాన్ని తీసుకున్నాడు. "దీనికి కాళ్ళతో పనే లేదు, రెండు బ్రేకులూ చేతికే" అన్నాడు నవ్వుతూ. తువ్వాల పక్కన ఇక ఒక్క హెల్మెటే మిగిలింది. అది అతనిది.

మెల్లగా పోవాలనీ, కుడికాలు ముందు దించొద్దనీ చెప్పబోయాను. అతను వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. బతుకంతా సలహాలు చెప్పి బతికినదాన్ని, ఆ రోజు నోరు మూసుకుని నా రోగిని కొండ దిగడానికి పంపాను. అంత కష్టమైన పని నేను ఆసుపత్రిలో కూడా చెయ్యలేదు.

ఇక మిగిలింది నేనూ, ఆ సైకిలూ. చిన్నప్పుడు మా ఊరు కొత్తచెరువులో మా నాయన సైకిల్ కడ్డీ కింద కాలు దూర్చి వంకరగా తొక్కేదాన్ని. లంగా చైనులో ఇరుక్కుని అవ్వ చేత తిట్లు తినేదాన్ని. ఆ తర్వాత ఎప్పుడూ ఎక్కలేదు. చుడీదారు పైకి మడిచి, హెల్మెటు పెట్టుకుని, కాసేపు తోసుకుంటూ నడిచాను. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని ఎక్కాను.

సైకిల్ కదిలింది. నేను ఏమీ ఆలోచించలేదు. కాళ్ళకు గుర్తుంది. మొహానికి గాలి కొట్టింది, వీళ్ళు డబ్బు పెట్టి కొనుక్కునే ఆ గాలి. ఒక్కసారిగా చిన్నపిల్లలా నవ్వొచ్చింది. మలుపు దగ్గరపడుతుంటే భయమేసి చెయ్యి బిగించాను. వేళ్ళ కింద మెత్తగా ఏదో తగిలింది. చూస్తే బ్రేకుకు ఎర్ర పట్టుదారం చుట్టి ఉంది. నొక్కాను. సైకిల్ ఆగింది.

కింద మలుపులో నాగరాజు నా స్కూటరు ఆపుకుని నాకోసం చూస్తున్నాడు. ఒళ్ళు బరువూ, బండి బరువూ అంతా కుడికాలి మీదే వేసి నిలబడ్డాడు. నాకు చెయ్యి ఊపాడు. ఒక్క మాట అనలేదు.

నేను బ్రేకు వదిలేశాను.